పాములకు హాని లేదని అచ్చువేసి అమ్ముతున్న ప్లాస్టిక్ గుడ్లపై ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

వినియోగదారుల విభాగం మేనేజర్ గారికి,

విషయం: మీ ప్లాస్టిక్ కోడిగుడ్లను నాగుపాము మింగడం, మీ సహాయ కేంద్రం ఇచ్చిన ప్రమాదకరమైన సలహా.

అయ్యా,

పెట్టలను ఒకేచోట గుడ్లు పెట్టేలా అలవాటు చేయడానికి మీ సంస్థ బోలు ప్లాస్టిక్ గుడ్లు అమ్ముతోంది. ఆ పనికి అవి బాగానే ఉన్నాయి, కాదనను. కానీ పెట్టె మీద "పాములు వాసన చూసి వీటిని ముట్టవు, వాటికి ఏ హానీ లేదు" అని కూడా అచ్చువేశారు. అది అబద్ధం.

మా కోళ్ల గూట్లో దూరిన నాగుపాము రెండు గుడ్లు మింగింది. లోపలికి వచ్చిన ఇనుప వల సందులోంచే బయటపడబోయి, పొట్ట ఉబ్బెత్తుగా ఉండడంతో మధ్యలో ఇరుక్కుపోయింది. వీధి జనమంతా కర్రలతో వచ్చేశారు. పెట్టె మీద మీ ఫోను నంబరు ఉంది కదా అని చేశాను. "తల దగ్గర పట్టుకుని, తోక వైపు నుంచి నోటి వైపుకు గట్టిగా పిండండి, కక్కేస్తుంది. రాకపోతే నోట్లో నూనె పోయండి" అన్నారు మీ వాళ్లు. ఏ పామని ఒక్కమాటైనా అడగలేదు. మా మరిది ఆ మాట నమ్మి చేతికి గోనెసంచి చుట్టుకున్నాడు. మా అత్తగారు అడ్డం నిలబడకపోతే ఆ పూట మా ఇంట్లో ఏం జరిగేదో తలచుకుంటే ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. పాముకాటును రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి, చనిపోయినవారి కుటుంబానికి ప్రభుత్వమే నాలుగు లక్షల రూపాయలు ఇచ్చే రాష్ట్రం మాది. ఇక్కడి మనిషితో నాగుపామును చేత్తో పిండమని ఎలా చెప్పగలిగారు?

చివరికి అటవీశాఖ వారు పాములు పట్టడంలో శిక్షణ ఉన్న మనిషిని తీసుకొచ్చారు. వల కత్తిరించి, పామును పశువైద్యుడి దగ్గరకు చేర్చారు. ఎక్స్‌రేలో రెండు గుడ్ల ఆకారాలూ కనిపించాయి. మత్తు ఇచ్చాక ఒకదాన్ని మెల్లగా జరుపుతూ నోటి గుండా తీశారు. రెండోది బాగా కిందికి దిగిపోవడంతో పొట్ట కోయవలసి వచ్చింది. కుట్లు మానేదాకా పాము అటవీశాఖ సంరక్షణలోనే ఉంటుందట.

ఆ వైద్యుడు చెప్పినవి మీ తయారీ విభాగం వారు తప్పక చదవాలి. పాము నాలుకతో గాలిలోని వాసన కణాలను అందుకుని, నోటి పైభాగంలో ఉన్న అవయవంతో గుర్తిస్తుంది. పెట్ట కింద పొర్లిన ప్లాస్టిక్ గుడ్డుకు పెట్ట వాసనే పడుతుంది. ఇక పాము దాన్ని ఎలా వేరు చేస్తుంది? నిజమైన గుడ్డయితే పెంకు కడుపులోని ఆమ్లానికి కరుగుతుంది. ప్లాస్టిక్ కరగదు, దారి మూసేస్తుంది, ప్రాణం మెల్లమెల్లగా పోతుంది. పాము పళ్లు గొంతు వైపు వంగి ఉంటాయి కనుక నోట్లో కొస కనిపించినా పట్టి లాగకూడదు. బలంగా పిండితే కడుపు చిరగవచ్చు, పైగా గుడ్డు నోటి వైపుకు వచ్చే దారిలోనే గుండె ఉంటుంది. నూనె పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పెంపుడు పామైనా అడవి పామైనా చేయవలసింది ఒకటే: మేత పెట్టకుండా, కదిలించకుండా, వీలైనంత త్వరగా వైద్యుడికి చూపించాలి. 2020లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఒక పెంపుడు కొండచిలువ పెద్ద తువ్వాలును మింగేసింది. అక్కడి వైద్యులు కూడా మత్తు ఇచ్చి, లోపలికి కెమెరా గొట్టం పంపి చూస్తూ నోటి గుండా బయటకు తీశారు. ఇంట్లో కూర్చుని చేసే పనికాదది.

ఇంకొక సంగతి. మీ పెట్టె మీద ఉన్నదంతా ఇంగ్లీషు, హిందీ. మా ఊళ్లో ఒడియా, తెలుగు పక్కపక్కనే వినిపిస్తాయి. ఆనుకునే ఉన్న పాతపట్నం శ్రీకాకుళం జిల్లా. నాటుకోళ్లు పెంచేది ఎక్కువగా ఆడవాళ్లే, కొండ మీది సవర ఊళ్ల నుంచి కూడా సంతకు వచ్చి సరుకులు కొనుక్కుంటారు. పెట్టె మీద రేపు మీరు ఎంత మంచి హెచ్చరిక రాసినా, వాళ్లు చదవలేకపోతే ఎవరికి ఉపయోగం?

నా పెట్టె ఖరీదు తిరిగి ఇవ్వమని అడగడం లేదు. హాని లేదన్న ఆ వాక్యం ఉన్న పెట్టెలన్నిటినీ దుకాణాల నుంచి వెనక్కి తెప్పించండి. పాము మింగలేని విధంగా గుడ్డును అరచేయంత పలకకు అతికించి తయారుచేయండి. ముఖ్యంగా, మీ సహాయ కేంద్రంలో ఫోను ఎత్తేవారికి నేర్పించండి: పాము జోలికి పోవద్దు, పిల్లలను దూరంగా ఉంచండి, దూరం నుంచే కనిపెట్టి చూస్తూ అటవీశాఖకు కబురు చేయండి అని చెప్పాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నాగుపామును చంపడం నేరమని కూడా చెప్పాలి. ఆ రోజు కర్రలు పట్టుకుని వచ్చినవారిలో చాలామందికి ఆ విషయం తెలియదు.

బిల్లు, పెట్టె మీది వాక్యం ఫోటో, ఎక్స్‌రే నకలు జతచేస్తున్నాను. పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. రాకపోతే జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915లో ఫిర్యాదు నమోదు చేయించి, తప్పుదోవ పట్టించే ప్రకటన కింద వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
పర్లాకిమిడి.