పావుకిలో వెండి కబుర్లు

ఒరేయ్ రాంబాబూ,

బాగున్నావా? పిన్నిగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పోయినసారి ఫోన్‌లో "ఆ జర్మన్ నాణేల సంగతేంట్రా" అన్నావుగా. ఇవాళ తీరిక దొరికింది, కూర్చున్నాను.

మన ఇళ్ళల్లో గొలుసుకి వేలాడే బిళ్ళని డాలరంటాం చూడు, ఆ మాటకి ముత్తాత తాలరు. బొహీమియాలో, అంటే ఇప్పటి చెక్ దేశంలో, యోఆహిమ్‌స్థాల్ అని గనుల ఊరు. 1520 ప్రాంతంలో అక్కడ కొట్టిన వెండి నాణేలకి ఊరి పేరే పెట్టి పిలిచారు, అదే నోళ్ళలో నలిగి తాలరయింది. 1566లో జర్మన్ సంస్థానాలన్నీ ఉన్న పవిత్ర రోమన్ సామ్రాజ్యానికంతా ఒకే లెక్క కట్టారు: నాణెం 29 గ్రాముల పైచిలుకు, అందులో 26 దాకా అచ్చమైన వెండి. కొట్టించుకోవడం మాత్రం ఎవరి సంస్థానంలో వాళ్ళే.

నన్ను పట్టుకుని వదలనిది ఉత్తర జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్-వోల్ఫెన్‌బ్యూటల్ సంస్థానం. హార్ట్స్ కొండల వెండి వాళ్ళకి అండ. 1574లో యూలియస్ ప్రభువు 'లోజర్' అని పళ్ళేల్లాంటి నాణేలు కొట్టించాడు. పది తాలర్లది దాదాపు 290 గ్రాములు, పావుకిలో పైనే! ఆస్తిని బట్టి జనం కొనుక్కుని దాచాలి, ఖర్చుపెట్టకూడదు, అడిగితే తెచ్చి చూపించాలి. రేపు యుద్ధమొస్తే ఇంటింటా వెండి సిద్ధం. జనం పెట్టెల్నే తన ఖజానా చేసుకున్నాడురా! ఆయనదే ఇంకో తాలరు మీద అడవిమనిషి చేతిలో కొవ్వొత్తి వెలుగుతుంటుంది. ఆయన నినాదం "ఇతరుల సేవలో కరిగిపోతాను" అని. బలవంతాన లోజరు కొన్న రైతుకి ఆ మాట ఎలా వినిపించి ఉంటుందో అని ఎన్నిసార్లు అనుకున్నానో.

మనవడు ఫ్రీడ్రిష్ ఉల్రిష్ నాటికి కథ తిరగబడింది. 1619 నుంచి 1623 దాకా, అసలే ముప్ఫై ఏళ్ళ యుద్ధం మొదలైన రోజులు. త్రాసులో తూచి బరువైన మంచి నాణేలు ఏరేసేవాళ్ళు, కరిగించి రాగి దండిగా కలిపి చిల్లర కొట్టేవాళ్ళు. ఆ సంస్థానంలోనే దొంగ సరుకు కొట్టే టంకశాలలు బోలెడు లేచాయి. త్రాసు ఒరగడం, ఊగడం మీదే ఆ కాలానికి 'కిప్పర్ ఉంట్ విప్పర్' అని పేరొచ్చింది. నెల తిరిగేసరికి ఆ చిల్లరే జీతం రాళ్ళుగా తీసుకున్నవాళ్ళని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

తర్వాత ఆ యుద్ధంలోనే వోల్ఫెన్‌బ్యూటల్ కోటని ఆక్రమించి కూర్చున్న చక్రవర్తి సైన్యం 1643లో దాన్ని వదిలి వెళ్ళింది. ఆ సందర్భంగా అప్పటి సంస్థానాధీశుడు ఆగస్ట్ ప్రభువు 'గంట తాలర్లు' ఏడు రకాలు వేయించాడు. ఒకదాని మీద నాలుక లేని గంట, ఇంకోదాని మీద గంట లేకుండా ఒట్టి నాలుకే. ఆఖరిదాని మీద రెండూ కలిసి గంట మోగుతోంది. నాకు అన్నిటికన్నా అదే ఇష్టం. నువ్వొచ్చినప్పుడు మొదట దాని దగ్గరికే తీసుకెళ్తాను.

పిన్నిగారికి నమస్కారాలు చెప్పు.

నీ
సూరి