మూడోసారి నొప్పి వస్తే ఏం చేయమంటారు? ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

మెడ మీద పెట్టుకునే వేగస్ నరం స్టిమ్యులేటర్‌ను, అంటే క్లస్టర్ తలనొప్పి తగ్గించడానికి మెడలోని ఒక నరానికి చర్మం మీద నుంచే చిన్న కరెంటు పంపే మెషీన్‌ను, ప్రభుత్వ ఆరోగ్య పథకంలో చేర్చమని నేను రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. ముందు మూడింటికీ ఒకటే జవాబు, "పరిశీలనలో ఉంది". అందుకే ఈసారి నలుగురికీ కనబడేలా రాస్తున్నాను.

మా తమ్ముడికి క్లస్టర్ తలనొప్పి. "తలనొప్పే కదమ్మా" అన్నారు మీ ఆఫీసులో ఒకాయన. అయ్యా, అర్ధరాత్రి దాటాక రోజూ దాదాపు అదే టైముకి వాడు కేక పెట్టి లేస్తాడు. ఒక్క కంటి వెనకాలే నొప్పి, ఆ కన్ను ఎర్రబడి నీళ్లు కారుతూ, రెప్ప వాలిపోయి, ఆ పక్క ముక్కు బిగుసుకుపోయి. మైగ్రేన్ వస్తే చీకట్లో కదలకుండా పడుకుంటారు, వీడు పడుకోలేడు, గదంతా తిరుగుతాడు, తల గోడకేసి కొట్టుకుంటాడు, నేను మధ్యలో చెయ్యి అడ్డం పెడతాను. ఒక్కోసారి పావుగంట, ఒక్కోసారి 3 గంటలు. రోజుకు 8 సార్లు కూడా రాగల జబ్బు ఇది. ఇప్పుడు వాడికి నిద్రంటేనే భయం.

నొప్పి వచ్చినప్పుడు ఆపడానికి సుమాట్రిప్టాన్ ఇంజెక్షన్ ఉందిగా అంటారు. ఉంది, పని చేస్తుంది కూడా. కానీ రోజుకు రెండుకు మించి వేసుకోకూడదు. మరి మూడోసారి వస్తే? ఆక్సిజన్ అంటారు, నిమిషానికి 12 లీటర్లకు తగ్గకుండా పావుగంట మాస్కు పెట్టుకోవాలి. ఇంట్లో సరే, ఆ సిలిండర్ మోసుకుని ఉద్యోగానికి ఎలా వెళ్తాడు?

నేను అడిగే స్టిమ్యులేటర్ చేతిలో ఇమిడిపోతుంది. మెడ పక్కన నాడి కొట్టుకునే చోట ఆనించి 2 నిమిషాలు ఉంచడమే, సూది లేదు, ఆపరేషన్ లేదు. మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే అనుమతిచ్చింది, బ్రిటన్‌లో ఏ వైద్యం వాడాలో సూచించే నైస్ సంస్థ 2019లో క్లస్టర్ తలనొప్పికి వాడొచ్చని చెప్పింది. అందరికీ పని చేయదని నాకూ తెలుసు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు వాడకూడదు, ఏడాదంతా వదలని క్రానిక్ రకంలో నొప్పి వచ్చాక పెట్టుకుంటే పరీక్షల్లో పెద్ద తేడా కనబడలేదు. మా వాడిది వచ్చి పోయే రకం. అయినా నేను అడిగేది ఊరికే ఇచ్చెయ్యమని కాదండీ. బ్రిటన్‌లో చెప్పినట్టే 3 నెలలు వాడనివ్వండి, తగ్గకపోతే వెనక్కి తీసుకోండి.

దయచేసి ఆ పరిశీలన ఎప్పటికి పూర్తవుతుందో తేదీ చెప్పండి. ఈసారి వాడికి నొప్పి మొదలై ఇవాళ్టికి 20 రోజులు. నిన్న రాత్రి రెండు ఇంజెక్షన్లూ అయిపోయాక మళ్లీ వచ్చింది.

ఇట్లు,
ఒక అక్క