డీజే పాటల బుకింగులు ఇక తీసుకోవడం లేదు

విజయనగరం చుట్టుపక్కల పెళ్లిళ్లకీ, జాతరలకీ, షష్టిపూర్తులకీ మమ్మల్ని పిలిచే అందరికీ నమస్కారం. సూటిగా విషయానికి వచ్చేస్తాను. ఈ మాఘమాసం ముహూర్తాల నుంచి మా ఆర్కెస్ట్రాలో పాత పాటలే ఉంటాయి. రెండేళ్ల కిందట మొదలుపెట్టిన డీజే మిక్సులు, మాస్ బీట్లు ఆపేస్తున్నాం. కొన్ని బుకింగులు పోతాయని తెలుసు, ఇప్పటికే రెండు పోయాయి కూడా.

ఎందుకంటే, మొన్న వైశాఖంలో గజపతినగరం వైపు ఒక పెళ్లికి వెళ్లాం. పెళ్లికొడుకు స్నేహితులు ముందే వాట్సాప్‌లో లిస్టు పంపారు, ఇరవై రెండు పాటలు, అందులో మావాళ్లకి వచ్చినవి నాలుగు. కాదనలేకపోయాను, వాళ్లిచ్చిన అడ్వాన్సు అప్పటికే జనరేటర్ బాకీకి పోయింది మరి. కీబోర్డు కుర్రాడు ట్రాకులన్నీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకొచ్చాడు. మా మెయిన్ సింగర్‌కి యాభై ఎనిమిదేళ్లు, ఘంటసాల పద్యం ఎత్తుకుంటే వంటల దగ్గరున్న వాళ్లు కూడా గరిటె ఆపి వింటారు, అలాంటి మనిషి ఆ రోజు ఫోన్‌లో లిరిక్స్ చూసుకుంటూ పాడాడు. మధ్యలో వాళ్లావిడ ఫోన్ చేసింది. స్క్రీన్ మీద లిరిక్స్ మాయం, ట్రాక్ మాత్రం ఆగదు కదా, ఏం తోచక మొదటి చరణమే మళ్లీ పాడేశాడు. డోలక్ వాయించే మా బాబాయి చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, దరువంతా ట్రాకులోనే ఉంది, ఇంక ఆయనకి పనేముంది.

భోజనాల దగ్గర పెళ్లికూతురి తాతగారు నన్ను పిలిచి, "మీరు పాడారా బాబూ, పెట్టె పాడిందా?" అన్నారు. వెటకారం కాదు, నిజంగానే తెలియక అడిగారు. మర్నాడు వాళ్లకి సగం డబ్బు తిరిగిచ్చేశాను.

డీజే సంగీతం తక్కువదని అనడం లేదు. బాగా చేసేవాళ్లు ఉన్నారు, జనాన్ని ఎప్పుడు లేపాలో ఎప్పుడు కూర్చోబెట్టాలో వాళ్లకి తెలుసు. మాకు తెలీదు, అంతే.

ఒకచోట పేరొచ్చాక అక్కడే ఉండాలా, రోజుల్ని బట్టి మారాలా అని నేనూ చాలా కొట్టుకున్నాను. మన ఊళ్లో పుట్టిపెరిగిన వాడికి ఈ ప్రశ్నకి ఒక్క జవాబు దొరకదు. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెడితే మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. ఎన్ని భాషలు, ఎంత పాండిత్యం, ఉమర్ ఖయ్యాం పద్యాల్ని సంస్కృతంలోకీ అచ్చతెలుగులోకీ తెచ్చిన మనిషి, అయినా జనం గుండెల్లో ఆయన హరికథ దాసుగారే. ద్వారం వెంకటస్వామినాయుడు గారు ఫిడేలు వదల్లేదు, గాత్రం పక్కన కూర్చునే ఆ వాయిద్యాన్ని కచేరీ నడిమధ్యకి తెచ్చి కూర్చోబెట్టారు. మరి ఘంటసాల? అదే కాలేజీలో శాస్త్రీయం నేర్చుకుని సినిమాకి వెళ్లిపోయారు! నేర్చుకున్నదాన్నే పట్టుకుని వేలాడి ఉంటే ఈ రోజు మాకు ఈ వ్యాపారమే లేదు. కానీ ఆయన పద్యం వినండి, రాగం ఎక్కడ ఆపాలో, మాటని ఎక్కడ నలగనివ్వకూడదో, ఆ చదువు అందులో తెలిసిపోతుంది. దారి మారింది గానీ మూలం మారలేదు. మేం చేసింది దానికి సరిగ్గా రివర్సు, మూలం ఇంట్లో వదిలేసి పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లాం.

పాతదాన్ని పట్టుకుని ఉండటం అంతా గొప్పే అని కూడా అనుకోకండి. మా ట్రూపులోనే ఒకాయన ఉన్నాడు, పేరు చెప్పను, ముప్ఫై ఏళ్ల నుంచి కొత్త పాట ఒక్కటి నేర్చుకోలేదు, అడిగితే "నేను ఘంటసాల భక్తుణ్ణి" అంటాడు. అది భక్తి కాదు, బద్ధకం. అందుకే ఈ మూడు నెలలు ప్రతి ఆదివారం ప్రాక్టీసు పెట్టాం. సుశీలమ్మ మన ఊరావిడే కదా, అయినా ఇన్నేళ్లూ తిప్పితిప్పి అవే పది పాటలు పాడుతున్నాం. ఇప్పుడు ఇంకో పద్దెనిమిది చేర్చాం. ఇళయరాజా పాటలు కొన్ని తబలా, ఫ్లూటుతో సొంతంగా కట్టుకున్నాం, ట్రాక్ లేకుండా.

కొంతమంది వంగపండు పాటలు అడుగుతున్నారు. ఆయనదీ మన పార్వతీపురం వైపే, చివరిదాకా ఈ నేల యాసలోనే పాడాడు. ఆ పాటలకి ఆ యాస కావాలి, గజ్జెకట్టిన ఆ అడుగు కావాలి. కోట్లు తొడుక్కుని నిలబడి పాడితే పాట పాడైపోతుంది. వాటికి జానపద బృందాలనే పిలవండి, కావాలంటే నేనే మాట్లాడి పెడతాను.

ఇక లెక్కలు. బాక్సులు రెండే తెస్తాం, మనుషులు ఎనిమిదిమంది వస్తారు. రేటు పాతదే, దూరాన్ని బట్టి వ్యాన్ ఖర్చు వేరే. ఇప్పటికే డీజే అని అడ్వాన్సు ఇచ్చినవాళ్లు ఫోన్ చేయండి, మొత్తం తిరిగిచ్చేస్తాను, కాకపోతే ఒకరిద్దరికి సంక్రాంతి దాకా టైమివ్వాలి. పాటల లిస్టు మాత్రం వారం ముందే పంపండి. ఇరవై రెండు పంపినా పన్నెండో పదమూడో పాడతాం, చరణాలన్నీ, ఫోన్ చూడకుండా.