కోచ్ ఎవరో తేలేదాకా మా ఊరికి నిద్ర లేదు

కాలేజ్ స్టేషన్, టెక్సస్
2023 నవంబరు 26, ఆదివారం

ఒరేయ్ బావా,

వైజాగ్ మ్యాచ్ నుంచి నువ్వు పెట్టిన వాయిస్ మెసేజ్ ఇప్పటికి మూడుసార్లు విన్నా. చివరి బంతికి రింకూ సింగ్ సిక్స్ కొట్టడం, తీరా అది నోబాల్ కాబట్టి ఆ సిక్స్ లెక్కలోకే రాకపోవడం, ఆ గోలలో నీ అరుపులు సగమే అర్థమయ్యాయి. చివర్లో అడిగావు చూడు, "ద్రావిడ్ తర్వాత మన లక్ష్మణేనా కోచ్?" అని, అక్కడ మాత్రం నవ్వొచ్చింది. ఎందుకంటే పదిహేను రోజులుగా మా ఊళ్ళో పాలవాడి నుంచి ప్రొఫెసర్ దాకా (పాలవాడు లేడనుకో, ఇక్కడ అన్నీ సూపర్ మార్కెట్‌లోనే) ఒకటే మాట: కోచ్ ఎవరు? ఇది ఫోన్‌లో తెమిలే కథ కాదు. అందుకే కూర్చుని రాస్తున్నా, టీ పెట్టుకుని చదువు.

దీపావళి రోజు పొద్దున గారెల పిండి రుబ్బుతుంటే వార్త తెలిసింది. మా టెక్సస్ ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ హెడ్ కోచ్ జింబో ఫిషర్‌ని తీసేశారు. తమాషా ఏంటంటే ముందు రోజే మిసిసిపీ స్టేట్‌ని 51-10తో చితక్కొట్టారు. గెలిచిన మర్నాడు ఉద్యోగం ఊడింది! ఫుట్‌బాల్ అంటే మనం కాలితో తన్నేది కాదు, తెలుసుగా. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతి, హెల్మెట్లు, ఒకణ్ణొకడు గుద్దుకోవడం. నాకూ మొదటి ఏడాదంతా అది రోడ్డు మీద కొట్లాటలాగే కనిపించింది.

కాలేజీ కుర్రాళ్ళ ఆటకి ఇంత హడావుడా అని నువ్వు అడుగుతావు. బావా, ఈ ఊరి జనాభా లక్షా ఇరవై వేలు. మా కైల్ ఫీల్డ్ స్టేడియంలో పట్టేది 1,02,733 మంది. విద్యార్థులం ఆటంతా నిలబడే చూస్తాం, కూర్చుంటే పక్కవాళ్ళు పాపం చేసినట్టు చూస్తారు. 1922 జనవరిలో డల్లాస్‌లో ఒక మ్యాచ్‌లో ఆటగాళ్ళు వరసపెట్టి గాయపడుతుంటే, కింగ్ గిల్ అనే కుర్రాడు స్టాండ్స్‌లోంచి దిగొచ్చి, యూనిఫారం వేసుకుని, అవసరమైతే నేనున్నానని చివరిదాకా గీత పక్కన నిలబడ్డాడట. అతన్ని ఆడించాల్సిన పని పడలేదు. అయినా వందేళ్ళుగా మేమందరం "పన్నెండో మనిషి"మే, అందుకే కూర్చోకూడదు. నా మోకాళ్ళ నొప్పులకి ఆ గిల్ గారే కారణం.

ఇంత భక్తి ఉన్నా చివరిసారి జాతీయ ఛాంపియన్ అయింది 1939లో. మనకి స్వాతంత్య్రం కూడా రాలేదప్పటికి. అందుకే 2017 చివర్లో, ఫ్లోరిడా స్టేట్‌కి 2013 టైటిల్ తెచ్చిపెట్టిన ఫిషర్‌ని పదేళ్ళకి 75 మిలియన్ డాలర్లు ఒప్పుకుని తెచ్చుకున్నారు. వచ్చిన కొత్తలో యూనివర్సిటీ ఛాన్సలర్ ఆయన చేతికి ఒక ఛాంపియన్‌షిప్ ఫలకం కూడా ఇచ్చాడట, సంవత్సరం దగ్గర 20 వేసి పక్కన ఖాళీ వదిలి! పెళ్ళి కుదరకముందే మనవడికి ఉయ్యాల కొన్నట్టు లేదూ? ఆ ఖాళీ ఖాళీగానే ఉంది. ఆరు సీజన్లలో 45 గెలుపులు, 25 ఓటములు. పోయినేడాది అయితే 5-7, అంటే అయిదు గెలిచి ఏడు ఓడారు.

ఇప్పుడు అసలు కత విను. 2021లో మురిసిపోయి ఆయన కాంట్రాక్టుని 2031 దాకా పొడిగించారు, మొత్తం గ్యారంటీ. తీసేసినా ఇవ్వాల్సిందే. అది 75 మిలియన్లకి పైనే, మన లెక్కలో ఆరు వందల కోట్లు దాటుతుంది. 60 రోజుల్లో 19.2 మిలియన్లు, తర్వాత ఏటా 7.2 మిలియన్లు. మామూలుగా అయితే ఇంకోచోట ఉద్యోగం దొరికితే ఆ మేరకు తగ్గించుకుంటారు. ఈ కాంట్రాక్టులో ఆ షరతు కూడా లేదు. టెక్సస్ గవర్నర్ జీతం ఏడాదికి 1,53,750 డాలర్లు బావా! నా స్టైపెండ్ సంగతి అడక్కు, ఏడుపొస్తుంది. ఆ డబ్బు యూనివర్సిటీ చదువుల ఖాతాలోంచి కాదు, అథ్లెటిక్స్ నిధుల నుంచీ దాతల నుంచీ అంటున్నారు. అంటే నూనె బావులున్న పాత విద్యార్థులన్నమాట. డబ్బిచ్చినవాడు ఊరికే ఉంటాడా? కోచ్ ఎంపికలో వేలు పెడతాడు.

క్రికెట్‌లో కోచ్ ఎవరైనా మైదానంలో రాజ్యం కెప్టెన్‌ది. ఇక్కడ అన్నీ కోచే. ఎవడు ఆడాలో, ఏ ఎత్తు వెయ్యాలో గీత బయటి నుంచే చెబుతారు. అంతకంటే పెద్ద పని, పదిహేడేళ్ళ కుర్రాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, అమ్మానాన్నల ముందు కూర్చుని మీవాణ్ణి మాకు పంపండని ఒప్పించడం. మన దగ్గర ఇంటర్ కాలేజీల పీఆర్వోలు పదో తరగతి పిల్లల గుమ్మాల చుట్టూ తిరుగుతారే, అచ్చం అలా. డిసెంబరు 4న ట్రాన్స్‌ఫర్ గేట్లు తెరుచుకుంటాయి, అంటే ఆటగాళ్ళు వేరే యూనివర్సిటీకి మారిపోవచ్చు, 20న కొత్త కుర్రాళ్ళ సంతకాలు. ఆలోపు కోచ్ లేకపోతే ఉన్నవాళ్ళూ పోతారు, రావాల్సినవాళ్ళూ రారు. అదీ టెన్షన్.

ఇక పేర్లు. మొదట అందరి నోటా ఓరెగాన్ యూనివర్సిటీ కోచ్ డాన్ లానింగ్. కుర్రవాడు, హుషారు. ఆయనేమో పొరుగింటి పుల్లకూర నాకక్కర్లేదన్న ధోరణిలో మాట్లాడి తలుపేసేశాడు. తర్వాత ఓలే మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) కోచ్ లేన్ కిఫిన్, ఈ నెల మొదట్లోనే మమ్మల్ని 38-35తో ఓడించినవాడు. డెట్రాయిట్ లయన్స్ అనే ప్రొఫెషనల్ జట్టు కోచ్ డాన్ క్యాంబెల్ ఇక్కడే చదివాడు, ఇక్కడే ఆడాడు, కాబట్టి ఆయన పేరు ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉంటారు. లయన్స్ ఇంత బాగా ఆడుతుంటే ఎందుకొస్తాడు? శాన్ ఆంటోనియోలోని యూనివర్సిటీకి కోచ్‌గా జెఫ్ ట్రేలర్ ఉన్నాడు, టెక్సస్ హైస్కూల్ కోచ్‌గా మొదలుపెట్టి పైకొచ్చినవాడు. నాకాయనంటే ఇష్టమే గానీ, ఈ డబ్బున్న పెద్దల కంటికి ఆనడు. మా ల్యాబ్‌లో ఒకడు, ఏ కోచ్‌తో మాట్లాడుతున్నారో కనిపెడదామని, ప్రైవేటు జెట్లు ఎక్కడికి ఎగురుతున్నాయో యాప్‌లో చూస్తూ కూర్చుంటున్నాడు. వాడి థీసిస్ మాత్రం ఎగరడం లేదు.

నా పందెం మాత్రం మొదటి రోజు నుంచీ మైక్ ఎల్కో మీద. నేను 2021 ఆగస్టులో వచ్చేటప్పటికి ఇక్కడ డిఫెన్స్ (ఎదుటి జట్టుని ఆపే విభాగం) కోచ్ ఆయనే, 2018 నుంచీ. 2020లో 9-1తో దేశంలో నాలుగో స్థానం తెచ్చిన జట్టుకి వెన్నెముక ఆ డిఫెన్సే అని నా నమ్మకం. 2021 చివర్లో ఆయన డ్యూక్ యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా వెళ్ళాడు, మరుసటి సీజన్‌లో మాకు 5-7. డ్యూక్ ఏమో అంతకుముందు 3-9, ఈయన వెళ్ళిన ఏడాదే 9-4. ఈ సెప్టెంబరులో క్లెమ్సన్‌ని 28-7తో కొట్టారు. డ్యూక్ అంటే బాస్కెట్‌బాల్ ఊరు రా! అక్కడ ఫుట్‌బాల్ నిలబెట్టినవాడికి ఇక్కడ కష్టమా? పైగా ఈ ఇంటి గుట్టు తెలిసినవాడు, ఎవరు ఎక్కడ వేలు పెడతారో చూసినవాడు.

మా ఇంటి ఓనరు ఒప్పుకోడు. డెబ్భై ఏళ్ళ పెద్దాయన, వేలికి ఇప్పటికీ కాలేజీ ఉంగరం. "డ్యూక్ నుంచి తెచ్చుకునేదానికి ఆరు వందల కోట్లు పారబోశామా?" అంటాడు (ఆయన డాలర్లలో అన్నాడు, నేను మార్చా). ఎల్కో వస్తే ఆయన గోంగూర పచ్చడితో అన్నం తినాలి. రాకపోతే నేను వేసవి దాకా ఆయన లాన్ కొయ్యాలి. పందెం అది.

నిన్న రాత్రి మాత్రం ఇద్దరం ఒక పక్షమయ్యాం. మధ్యాహ్నం ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) చేతిలో 42-30తో ఓడి సీజన్ 7-5తో ముగిసింది. ఆ నీరసంలో ఉండగానే రాత్రి వార్త: కెంటకీ కోచ్ మార్క్ స్టూప్స్ వచ్చేస్తున్నాడని, దాదాపు ఖాయమని. చెడ్డవాడేం కాదు. కెంటకీ లాంటి చోట రెండుసార్లు పది మ్యాచ్‌లు గెలిపించాడు. కానీ పదకొండేళ్ళలో గెలుపులూ ఓటములూ ఇంచుమించు సమానం. సమానం కోసమే అయితే ఫిషర్‌ని ఎందుకు పంపినట్టు? పైగా ఆయన అన్న బాబ్ స్టూప్స్ 2003లో ఓక్లహోమా కోచ్‌గా మమ్మల్ని 77-0తో ఓడించాడు. ఓనరు ఆ స్కోరు చెబుతుంటే గొంతు వణికింది, ఇరవై ఏళ్ళయినా.

తర్వాత జరిగింది నేనెప్పుడూ చూడలేదు. ఊరంతా ఫోన్లే. యూనివర్సిటీ రీజెంట్లకి, అంటే పాలకమండలి సభ్యులకి, ఎవరెవరు ఫోన్లు చేశారో దేవుడికెరుక. ఓనరు కూడా ఎవరికో చేశాడు, ఆయన మాట ఎవరు విన్నారో నాకు తెలీదు. అర్ధరాత్రి దాటాక స్టూప్స్ నుంచి ప్రకటన: అవకాశం వచ్చిన మాట నిజమే, కానీ కెంటకీలోనే ఉంటాను అని. అంతకు కొన్ని గంటల ముందే లూయీవిల్‌ని 38-31తో గెలిచాడు, అక్కడ సంబరాల్లో ఉన్నాడు. రాత్రి ఖాయమైన సంబంధం తెల్లారేసరికి తప్పిపోయింది. అథ్లెటిక్ డైరెక్టర్ రాస్ బ్యోర్క్ గారికి నిద్ర పట్టి ఉండదు. జాలేసింది కూడా. కొంచెమే.

మిగతాది రేపు రాస్తా, కళ్ళు మూతలు పడుతున్నాయి.

సోమవారం, 27

బావా! ఎల్కోయే! నిన్న రాత్రి నుంచే గుసగుసలు, ఇవాళ అధికారికంగా చెప్పేశారు. నేను అరిచిన అరుపుకి పక్క ఫ్లాట్ అబ్బాయి ఇండియా నుంచి ఏదైనా చెడ్డ కబురొచ్చిందా అని పరిగెత్తుకొచ్చాడు.

ఓనరు రేపు మధ్యాహ్నం భోజనానికొస్తానన్నాడు. మాట తప్పే మనిషి కాదు. కానీ "ఆ పచ్చడి ఏ రంగులో ఉంటుంది?" అని అడిగాడు. మన జట్టు రంగులాంటిదే, కాస్త నల్లగా ఉంటుందని ధైర్యం చెప్పా. అమ్మ పంపిన సీసాలో అడుగున ఓ నాలుగు చెంచాలే మిగిలింది. అందులో ఆయనకి ఒకటిన్నర. నెయ్యి కూడా తేవాలి.

లక్ష్మణ్ సంగతి ఏమైందో వెంటనే చెప్పు. అక్కడా పందెం కట్టావా?

నీ పాత రూమ్మేటు