అమ్మని చూసుకునే మనిషికి ఒక పూట విరామం ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

కన్నవాళ్లని రోడ్డు మీద వదిలేసిన కొడుకుల గురించి, ఆస్తి రాయించుకుని గెంటేసిన వాళ్ల గురించి పేపర్లో తరచూ చదువుతున్నాం. రాయాల్సిందే. కానీ ఉద్యోగం మానేసి, మంచాన పడ్డ తల్లిని ఇంట్లోనే ఉండి చూసుకుంటున్న వాళ్లు కూడా విశాఖలో చాలామందే ఉన్నారు, వాళ్ల సంగతి ఎవరూ అడగరు. నేనూ అందులో ఒకణ్ని.

అమ్మకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట కూడా స్పష్టంగా రాదు. ఆయాని పెట్టాం. సంక్రాంతికి ఊరెళ్లినావిడ తిరిగి రాలేదు, తర్వాత వచ్చిన మనిషికి రోగిని పక్కకి తిప్పడమే తెలీదు. అక్కకి పిల్లల చదువులు, నాకింకా పెళ్లి కాలేదు, అందుకని పరవాడలో ఫార్మా ఉద్యోగం నేనే మానేశాను.

డిశ్చార్జి రోజు మందుల చీటీ చేతిలో పెట్టారు తప్ప ఇంట్లో ఎలా చూసుకోవాలో ఎవరూ చూపించలేదు. రెండు గంటలకోసారి తిప్పకపోతే నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి, రాత్రయినా అంతే. మన ఊరి ఉక్కపోతకి చెమట పట్టి చర్మం ఇంకా తొందరగా పాడవుతుంది. గాలి పరుపు కొన్నాం కానీ దాని మోటారుకి కరెంటు కావాలి, అందుకే తుపాను హెచ్చరిక వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది, 2014లో హుద్‌హుద్ అప్పుడు రోజుల తరబడి కరెంటు లేకపోవడం ఇక్కడ ఎవరు మర్చిపోతారు? అన్నం మెత్తగా చేసి, కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పెట్టాలి. పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా వస్తుంది. డైపర్లు మార్చడం, ఒళ్లు తుడవడం కొడుకు చేత చేయించుకోవాల్సి వచ్చినందుకు అమ్మ మొదట్లో ఏడ్చేది. ఇప్పుడు ఏడవడం లేదు. అలవాటైందో, నా కోసం ఓర్చుకుంటోందో తెలీదు.

2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం ప్రకారం వాళ్లని వదిలేస్తే 3 నెలల దాకా జైలు, 5 వేల దాకా జరిమానా. మంచిదే. మరి వదలకుండా చూసుకుంటున్న వాళ్లకి ఆ చట్టంలో ఏముంది? రాష్ట్ర ప్రభుత్వం పూర్తిగా మంచాన ఉన్నవాళ్లకి నెలకి 15 వేల పింఛను ఇస్తోంది, అర్హులైన కుటుంబాలకి అది పెద్ద ఊరట. నేను అడుగుతున్నది డబ్బు కాదు. రేపు నాకే జ్వరమొస్తే అమ్మని ఎవరు తిప్పుతారు? చాలా ఆశ్రమాలు తమ పని తాము చేసుకోగలిగే వాళ్లనే తీసుకుంటాయి. ఆసుపత్రిలో ఊరికే చేర్చుకోరు కదా. వారంలో ఒక పూట శిక్షణ ఉన్న మనిషి ఇంటికొచ్చి కూర్చుంటే నేను బ్యాంకు పని చూసుకుంటాను, లేదా పడుకుంటాను, నిద్రపోవాలని ఎంత ఉందో రాస్తే నమ్మరు. ఏదైనా అత్యవసరమైతే నాలుగు రోజులు అమ్మని అప్పగించడానికి ఒక చోటు కూడా ఉండాలి.

ఇది జరగని పనేం కాదు. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్ (తీవ్రమైన జబ్బులున్నవాళ్లకి బాధ తగ్గించి చూసుకోవడం) విధానం తెచ్చింది, అక్కడ స్థానిక సంస్థల తరఫున నర్సులు మంచాన ఉన్నవాళ్ల ఇళ్లకే వచ్చి చూస్తారు, ఇంట్లో వాళ్లకి నేర్పుతారు. విశాఖలో నర్సింగ్ కాలేజీలకి కొదవ లేదు. ఒకటో తారీఖున పింఛను ఇంటికి తెచ్చిచ్చే వ్యవస్థ ఉన్నప్పుడు నర్సు ఎందుకు రాకూడదు?

మన నగరపాలక సంస్థ జీవీఎంసీలో 98 వార్డులున్నాయి, ముందు ఒక్క జోన్‌లో మొదలుపెట్టి చూడండి. పింఛన్ల పుణ్యమా అని మంచాన ఉన్న చాలామంది వివరాలు వార్డు సచివాలయాల్లో ఇప్పటికే ఉన్నాయి. వాళ్లని చూసుకుంటున్నది ఎవరు, ఆ మనిషి వయసెంత, ఆరోగ్యం ఎలా ఉంది అని ఈసారి వచ్చినప్పుడు అదీ అడిగి రాసుకోండి.

ఒక కొడుకు,
కంచరపాలెం, విశాఖపట్నం