డ్రెయిన్ బోల్టు థ్రెడ్ పాడైన నా స్కూటర్ గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగం అధికారి గారికి,

విషయం: మీ అధీకృత సర్వీస్ సెంటర్‌లో నా స్కూటర్ ఇంజిన్ ఆయిల్ డ్రెయిన్ బోల్టును (పాత ఆయిల్ బయటికి వదలడానికి ఇంజిన్ అడుగున ఉండే బోల్టు) అతిగా బిగించి థ్రెడ్ (మరలు) పాడుచేయడం, మార్చని గేర్ ఆయిల్‌కు బిల్లు వేయడం, ఆ తప్పును నా మీదకు నెట్టడం గురించి.

అయ్యా,

మీ కంపెనీ 110 సీసీ స్కూటర్ నేను కొని 29 నెలలైంది. మీటరు మీద 27,640 కిలోమీటర్లు ఉన్నాయి. గత తొమ్మిది వారాలుగా ఆ అంకె కదలలేదు. బండి మా ఇంటి ముందు సెంటర్ స్టాండ్ మీద, ఇంజిన్‌లో చుక్క ఆయిల్ లేకుండా నిలబడి ఉంది. మీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి రెండుసార్లు ఫిర్యాదు నమోదు చేయించాను. రెండుసార్లూ ఎవరూ బండి చూడకుండానే, నాతో మాట్లాడకుండానే, "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వచ్చింది. అందుకే ఇప్పుడు మొదటి నుంచీ వివరంగా రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

మొదటి ఏడాది సర్వీసులన్నీ మీ సెంటర్‌లోనే చేయించాను. ఆ తర్వాత మామూలు పనులు నేనే చేసుకుంటున్నాను. ఇంజిన్ ఆయిల్, వెనక చక్రం దగ్గరి గేర్ ఆయిల్ మార్చడం, బ్రేకులు సర్దుకోవడం, ప్లగ్ తీసి చూడటం, బ్యాటరీ టెర్మినల్స్ శుభ్రం చేసి గ్రీజు రాయడం, చల్లగా ఉన్నప్పుడు టైర్లలో గాలి చూసుకోవడం, ఇంతవరకే. ఏ పని ఎన్ని కిలోమీటర్ల దగ్గర చేశానో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకుంటాను. డబ్బు మిగులుతుందన్నది నిజమే కానీ, అసలు కారణం అది కాదు. చిన్నప్పుడు నాన్న తన స్కూటర్ విప్పుతుంటే పక్కన కూర్చుని పానాలు అందించేవాణ్ని. బండిని మన చేత్తో తుడిచి, విప్పి, బిగిస్తే అందులో వచ్చే ప్రతి మార్పూ మనకు ముందే తెలుస్తుంది. బెల్ట్ అరుగుతున్నప్పుడు బండి కదిలే చోట చిన్న వణుకు వస్తుంది. బ్రేక్ షూ చివరికి వస్తే లివర్ లోపలికి ఎక్కువ పోతుంది. ఇవి ఆరు నెలలకోసారి చూసే మెకానిక్‌కు కాదు, రోజూ నడిపేవాడికే మొదట తెలుస్తాయి.

తెలియని పనిలో మాత్రం వేలు పెట్టను. 24,300 కిలోమీటర్ల దగ్గర డ్రైవ్ బెల్ట్ మార్చాల్సి వచ్చింది. వేరియేటర్ (ఇంజిన్ వైపు బెల్ట్‌ను తిప్పే పుల్లీ) తిరగకుండా పట్టుకునే టూల్ నా దగ్గర లేదు, ఆ నట్టును సరైన బిగువుకు బిగించడం కూడా నాకు నమ్మకంగా వచ్చే పని కాదు. అందుకని బండిని మీ సెంటర్‌కు ఇచ్చాను. బెల్ట్, రోలర్లు మార్చి, దాంతోపాటే ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్ కూడా మారుస్తామన్నారు. సరే అన్నాను. సాయంత్రం బండి ఇచ్చారు. బెల్ట్ పని చక్కగా చేశారు, ఆ విషయంలో నాకే ఫిర్యాదూ లేదు.

మూడు వేల కిలోమీటర్లు దాటాక, ఒక ఆదివారం ఉదయం ఎప్పట్లాగే ఆయిల్ మార్చడానికి కూర్చున్నాను. ఇంజిన్ రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, సెంటర్ స్టాండ్ వేసి, కింద పళ్లెం పెట్టి పానా పట్టాను. బోల్టు కదల్లేదు. ఇంతకుముందు ఒంటి చేత్తో వదులయ్యే బోల్టు అది. పానా మీద పైపు తొడగలేదు, సుత్తితో కొట్టలేదు. రెండు చేతులతో లాగితే టక్కుమని కదిలింది. అర చుట్టు తిరిగి మళ్లీ పట్టేసింది. అప్పుడే నాకు గుండె జారింది. నెమ్మదిగా తిప్పి బయటికి తీస్తే, బోల్టు థ్రెడ్ చుట్టూ వెండి తీగలా అల్యూమినియం చుట్టుకుని వచ్చింది. కేసింగ్ లోపలి థ్రెడ్ మొత్తం బోల్టుతో పాటే బయటికి వచ్చేసింది.

ఇంకోటి కూడా చూశాను. బోల్టుకు ఉన్న వాషర్ కాక, పాత వాషర్ ఒకటి కేసింగ్‌కు అతుక్కుని అక్కడే ఉంది. అంటే మీ సెంటర్‌లో పాతది తీయకుండా దాని మీదే కొత్తది వేసి బిగించారు. నలిగిన వాషర్ మీద ఇంకో వాషర్ వేస్తే ఆయిల్ కారే అవకాశం ఉంటుంది, కారకుండా ఉండాలని ఇంకాస్త గట్టిగా బిగిస్తారు. ఇక్కడ జరిగింది అదేనని నా అనుమానం.

ఆ బోల్టు ఉక్కు. కేసింగ్ అల్యూమినియం. రెండింటినీ అతిగా బిగిస్తే ఓడేది ఎప్పుడూ అల్యూమినియమే. ఈ తరహా స్కూటర్లలో డ్రెయిన్ బోల్టుకు సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల బిగువు సరిపోతుంది. పావు మీటరు పొడవున్న పానా చివర పది కిలోల బరువు వేలాడదీస్తే వచ్చే బిగువు అది. అంతకంటే అవసరం లేదు. చక్రాల నట్లు విప్పే ఎయిర్ గన్ దానికి పది రెట్లు బిగించగలదు. ఆ రోజు వెయిటింగ్ హాల్ అద్దంలోంచి మీ వర్క్‌షాప్‌లో అన్ని బండ్ల బోల్టులూ ఎయిర్ గన్‌తోనే బిగించడం చూశాను. అప్పుడే లేచి వెళ్లి అడగాల్సింది. "కస్టమర్లకు లోపలికి ప్రవేశం లేదు" అన్న బోర్డు చూసి ఆగిపోయాను.

నేను బోల్టు పట్టుకుని మీ సెంటర్‌కు వెళ్లాను. సూపర్‌వైజర్ గారు ఒక్క నిమిషం చూసి, "మీరే విప్పారు కదా సార్, బయట చెయ్యి పడ్డాక మా బాధ్యత ఉండదు, వారంటీ కూడా వర్తించదు" అన్నారు. తీసేటప్పుడు నేనే పాడుచేశానట. అయ్యా, సరిగ్గా బిగించిన బోల్టు దాదాపు బిగించినంత బలంతోనే వదులవుతుంది. రెండు చేతుల బలం పడితే గానీ కదలని బోల్టును అంత గట్టిగా బిగించింది ఎవరు? దానికి ముందు ఆ బోల్టును చివరిసారి ముట్టుకున్నది మీ మెకానిక్. ఆ సంగతి మీ జాబ్ కార్డు మీదే సంతకంతో సహా ఉంది. నేను అడిగింది వారంటీ కాదు. పనికి ఇచ్చిన వస్తువును పాడుచేస్తే బాగుచేసి ఇవ్వమని అడిగాను. వారంటీ ఉన్నా లేకపోయినా అది పని చేసినవాళ్ల బాధ్యతే కదా.

ఇక గేర్ ఆయిల్ సంగతి. నేను ఏ బోల్టు బిగించినా, బోల్టు తల మీద నుంచి కేసింగ్ మీదకు నెయిల్ పాలిష్‌తో సన్నని గీత గీస్తాను. బోల్టు దానంతటదే వదులైతే గీత విరిగినట్టు కనిపిస్తుంది. ఇది నాన్న నేర్పిన అలవాటు. 12,000 కిలోమీటర్ల దగ్గర గేర్ ఆయిల్ మార్చినప్పుడు కూడా అలాగే గీశాను. డ్రెయిన్ బోల్టు గొడవ బయటపడ్డాక ఎందుకో అనుమానం వచ్చి వెనక చక్రం దగ్గర చూస్తే, గేర్ ఆయిల్ బోల్టు మీద నా ఎర్ర గీత చెక్కుచెదరకుండా ఉంది. ఇంజిన్ డ్రెయిన్ బోల్టు మీది గీత మాత్రం తెగి ఉంది. ముందు ఫోటోలు తీసుకుని, తర్వాత విప్పి చూశాను. లోపలి నుంచి 15,000 కిలోమీటర్లు నడిచిన నల్లటి ఆయిలే వచ్చింది. మీ బిల్లులో మాత్రం గేర్ ఆయిల్‌కు, దాన్ని మార్చినందుకు కూలికి విడివిడిగా డబ్బు తీసుకున్నారు. పొరపాటున బోల్టు గట్టిగా బిగిస్తే అర్థం చేసుకోగలను. చేయని పనికి బిల్లు వేయడం పొరపాటు కాదు.

ఇందులో నన్ను ఎక్కువగా భయపెట్టిన విషయం వేరే ఉంది. ఆ డ్రెయిన్ బోల్టు వెనక చక్రానికి కొద్దిగా ముందు ఉంటుంది. పాడైన థ్రెడ్‌తో అది దారిలో జారి ఉంటే, వేడి ఆయిల్ నేరుగా వెనక టైరు మీద పడేది. ఆ మూడు వేల కిలోమీటర్లలో మా అమ్మను వెనక కూర్చోబెట్టుకుని ఎన్నిసార్లు తిరిగానో నాకు లెక్క లేదు. ఆ ఆదివారం రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

థ్రెడ్ బాగుచేసే దారి కూడా ఉంది. పాడైన రంధ్రాన్ని కాస్త పెద్దది చేసి, లోపల కొత్త మరలు కోసి, ఉక్కు తీగ చుట్ట దించితే పాత సైజు బోల్టే మళ్లీ పడుతుంది. సరిగ్గా చేస్తే అది అసలు అల్యూమినియం థ్రెడ్ కంటే గట్టిగా ఉంటుంది. ఆ పని చేయండని అడిగితే, కంపెనీ ఒప్పుకోదు, కేసింగ్ మొత్తం మార్చాల్సిందే, ఆ ఖర్చు మీదే అన్నారు. అంటే ఇంజిన్ దింపి, మొత్తం విప్పదీయాలి. ఒక బోల్టు కోసం, నేను చేయని తప్పుకు.

దీనికి ఆ మెకానిక్ కుర్రాడిని బలి చేయకండి. రోజుకు అన్ని బండ్లు ముగించాలని లెక్క పెట్టి, చేతికి టార్క్ రెంచ్ (కావాల్సిన బిగువుకే కొలిచి బిగించే పానా) ఇవ్వకుండా ఎయిర్ గన్ ఇస్తే అతను మాత్రం ఏం చేస్తాడు? నా ఫిర్యాదు అతని మీద కాదు, పని అలా జరిగేలా వదిలేసిన పద్ధతి మీద.

బండితో మీరిచ్చిన యజమాని మాన్యువల్ గురించి కూడా చెప్పాలి. అందులో హెచ్చరికలు పేజీలకు పేజీలు ఉన్నాయి. పని దగ్గరికి వచ్చేసరికి ప్రతిచోటా "మీ డీలర్‌ను సంప్రదించండి" అన్న మాటే. టైర్లలో ఎంత గాలి ఉండాలో ఉంది, బల్బుల వాట్లు ఉన్నాయి. డ్రెయిన్ బోల్టుకు ఎంత బిగువు, గేర్ ఆయిల్ ఎన్ని మిల్లీలీటర్లు, ప్లగ్ గ్యాప్ ఎంత, ఇవేవీ లేవు. నాన్న పాత టూ స్ట్రోక్ స్కూటర్‌తో వచ్చిన చిన్న పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ కలపడం నుంచి క్లచ్ కేబుల్ మార్చడం దాకా బొమ్మలతో సహా ఉన్నాయి. ఆ పుస్తకం యజమానిని నమ్మింది.

ఆయిల్ విషయంలోనూ మీ మాన్యువల్ "కంపెనీ సిఫారసు చేసిన ఆయిల్" అని మాత్రమే అంటుంది. చాలా మోటార్‌సైకిళ్లలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, దానికి జాసో (జపాన్ వాహన ప్రమాణాల సంస్థ) ఎంఏ రకం కావాలి. స్కూటర్ క్లచ్ పొడిగా విడిగా ఉంటుంది కాబట్టి రాపిడి తక్కువగా ఉండే ఎంబీ రకం సరిపోతుంది. ఈ ఒక్క వాక్యం రాస్తే, ఇంట్లో స్కూటర్, మోటార్‌సైకిల్ రెండూ ఉన్నవాళ్లు మిగిలిన స్కూటర్ ఆయిల్ మోటార్‌సైకిల్‌లో పోసి క్లచ్ జారేలా చేసుకోరు. అలాగే డ్రెయిన్ బోల్టు వాషర్ ఒక్కసారి వాడి పారేయాల్సిన వస్తువు. మీ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో అడిగితే అది విడిగా రాదు, గాస్కెట్ సెట్ మొత్తం కొనాలంటారు. బొటనవేలి గోరంత వాషర్ కోసం ప్రతిసారీ కొలత పట్టుకుని బయట వెతుక్కుంటున్నాను. నేను కొత్త వాషర్ వేసి బిగించిన ఆ బోల్టు ఒక్కసారి కూడా కారలేదు, పట్టేయలేదు.

నా కోరికలు ఇవి. నా స్కూటర్ కేసింగ్ థ్రెడ్‌ను, అనుభవం ఉన్న మనిషితో ఉక్కు చుట్ట వేయించి గానీ, కేసింగ్ మార్చి గానీ, మీ ఖర్చుతో బాగుచేయించండి. ఏ పద్ధతి అయినా నాకు అభ్యంతరం లేదు, చేసిన పనికి రాతపూర్వకంగా హామీ ఇవ్వండి. గేర్ ఆయిల్ కోసం తీసుకున్న డబ్బు తిరిగి ఇవ్వండి. ఆ సర్వీస్ సెంటర్‌లో డ్రెయిన్ బోల్టులకు ఎయిర్ గన్ వాడకం ఆపించి, టార్క్ రెంచ్ ఇప్పించండి. అదే వారంలో అక్కడ ఆయిల్ మార్పించుకున్న మిగతా బండ్ల యజమానులకు ఫోన్ చేసి, బోల్టు ఒకసారి చూపించుకోమని చెప్పండి. నాకు ముఖ్యంగా కావాల్సింది ఇదే, ఎందుకంటే వాళ్లలో చాలామంది కింద వంగి చూసుకునేవాళ్లు అయ్యుండరు. మాన్యువల్‌లో బిగువు కొలతలు చేర్చడం, వాషర్‌ను విడిగా అమ్మడం గురించి మీ నిర్ణయం ఏమిటో కూడా తెలియజేయండి.

ఈ లేఖతో పాటు సర్వీసు బిల్లు, జాబ్ కార్డు నకళ్లు, రెండు బోల్టుల మీది గీతల ఫోటోలు, నా నోటు పుస్తకంలో సంబంధిత పేజీల నకళ్లు జతచేస్తున్నాను. లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు. జవాబు రాకపోతే వినియోగదారుడిగా చట్టం నాకిచ్చిన దారిలో వెళ్తాను.

అల్యూమినియం చుట్టుకున్న బోల్టు, రెండు వాషర్లు కవర్లో పెట్టి భద్రంగా ఉంచాను. వాటిని మీ సెంటర్‌లో అప్పగించను. మీ ఇంజనీరు ఎవరైనా బండి చూడటానికి వస్తానంటే ఒక రోజు ముందు చెప్పండి, సెలవు పెట్టి ఇంట్లో ఉంటాను.

ఇట్లు,
మీ స్కూటర్ యజమాని

జతపరచినవి: బిల్లు, జాబ్ కార్డు నకళ్లు, ఫోటోలు, నోటు పుస్తకం పేజీల నకళ్లు