గుడ్డు పెంకులతో బయోడీజిల్: వరంగల్‌లో మొదలుపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

హన్మకొండ చౌరస్తా నుంచి కాజీపేట దాకా బజ్జీల బండ్లలో మాడి నల్లబడిన నూనె చివరకు ఏమవుతోంది? కాలువలో పోస్తే ఒక నష్టం, మళ్లీ మూకుడులో పోస్తే అంతకన్నా పెద్ద నష్టం. పదేపదే కాచడం వల్ల నూనె చెడి పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని నిబంధన ఉంది. అలాంటి నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే ‘రూకో’ కార్యక్రమం 2018లోనే మొదలైంది. మా వీధిలో మాత్రం ఆ నూనె కోసం ఎవరూ రాలేదు.

దీనికి మన హాస్టళ్లలో రోజూ పారేసే గుడ్డు పెంకులు తోడైతే ఎంత బాగుంటుంది! పెంకులో 90 శాతానికి పైగా కాల్షియం కార్బొనేటే. కడిగి, ఎండబెట్టి, పొడిచేసి 800-900 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలిస్తే కాల్షియం ఆక్సైడ్, అంటే పొడి సున్నం, మిగులుతుంది. నూనెకు మిథనాల్ చేర్చి, ఈ పొడిని ఉత్ప్రేరకంగా వేసి 60 డిగ్రీల ప్రాంతంలో కలియబెడితే బయోడీజిల్, గ్లిజరిన్ ఏర్పడి విడిపోతాయి. మామూలుగా వాడే సోడియం హైడ్రాక్సైడ్ కరిగిపోతుంది; దాన్ని వదిలించడానికి నీళ్లు బోలెడు కావాలి. ఈ పొడిని వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు. అయితే మాడిన నూనెలో ఆమ్లాలు ఎక్కువైతే సబ్బు కడుతుంది, కాబట్టి ముందు వాటిని తగ్గించాలి. పైగా మిథనాల్ విషం, ఇట్టే అంటుకుంటుంది. ఇళ్లలో ఎవరూ ప్రయత్నించవద్దు.

ఊళ్లోనే ఎన్‌ఐటీ, కాకతీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. వాటి రసాయన శాస్త్ర విభాగాల పర్యవేక్షణలో నగరపాలక సంస్థ ఒక చిన్న కేంద్రం పెట్టాలి. హాస్టళ్లు, హోటళ్ల నుంచి పెంకులను, నూనెను విడిగా తీసుకోవడం ఈ నెలలోనే ఆరంభించవచ్చు.

– ఒక పాఠకుడు, హన్మకొండ